గరాజ్ గుండా గృహప్రవేశం

మీనాక్షి గారు దేన్నీ పైనుంచి చూసి నమ్మరు. తిరగేసి చూస్తారు.

ఆకు కనపడితే ఆకు, అట్టపెట్టె కనపడితే అట్టపెట్టె. మెడలో నల్లపూసల పక్కనే ఒక తాడుకు చిన్న భూతద్దం వేలాడుతూ ఉంటుంది. ఆవిడ కారు పార్కింగ్‌లోకి తిరగడం చూశాడంటే, కెనడాలోని కేంబ్రిడ్జ్‌లో ఇండియన్ స్టోర్ నడిపే అబ్బాయి తోటకూర కట్టలు గబగబా లోపల దాచేస్తాడని చెప్పుకుంటారు. ఒకసారి ఎవరింట్లోనో పుట్టినరోజు పార్టీకి వెళ్ళి, కేకు కింద అట్టకు ఏదో అంటుకుని ఉందని అనుమానం వచ్చి, ఎత్తి కాస్త వంచి చూశారు. కేకు నేలపాలైంది. అట్ట మాత్రం శుభ్రంగా ఉందని తేలింది. "ఏమీ లేదండీ, కంగారు పడకండి," అని అందరికీ ధైర్యం చెప్పింది కూడా ఆవిడే.

"ఇన్ని తిరగేసి చూస్తావు గదా, పెండ్లిచూపుల్లో నన్నెందుకు చూడలేదు?" అని భర్త చక్రధర్ గారు అడుగుతుంటారు. ఆయనది నంద్యాల.

"చూశాను. అప్పటికింకా భూతద్దం కొనుక్కోలేదు," అంటారు మీనాక్షి గారు. ఆవిడది కాకినాడ.

పగలంతా మిస్సిసాగాలో ఒక మందుల కంపెనీలో మాత్రల్లో లోపాలు వెతకడం ఆవిడ ఉద్యోగం. సాయంత్రం ఫోర్ నాట్ వన్ హైవే మీద ట్రాఫిక్‌లో ఈదుకుంటూ ఇంటికొచ్చి మొక్కల్లో లోపాలు వెతకడం ఆవిడ విశ్రాంతి. కరివేపాకు, మందారం, మల్లె, నిమ్మ, తులసి, పచ్చిమిరప అన్నీ కుండీల్లోనే. కెనడా ఎండలున్నన్నాళ్ళూ అవి ఇంటి వెనక చెక్కతో కట్టిన డెక్ మీద హాయిగా ఉంటాయి. చలి మొదలవగానే లోపలికి రావాలి. ఆ రావడంలోనే ఉంది అసలు గొడవ. చాలా ఏళ్ళ కిందట ఒక మల్లెకుండీని చూసీ చూడకుండా లోపల పెట్టారట. క్రిస్మస్ నాటికి ఇంట్లో ఉన్న ప్రతి మొక్కా తెల్లటి బూజు కప్పుకుని చచ్చిపోయింది. గింజ వేసి పెంచుకున్న కరివేపాకు చెట్టు కూడా పోయింది. ఆ చెట్టు పోయినప్పుడు ఆవిడ ఏడ్చిన ఏడుపు చూసి, పక్కింటివాళ్ళు ఇండియాలో ఎవరో పోయారనుకుని పూలగుత్తి తెచ్చి ఇచ్చారు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూనే ఆ పూలగుత్తిని తిరగేసి చూశారు.

"మొక్క ఒక్కటే వస్తుందనుకోకండి. చుట్టాలందర్నీ వెంటేసుకుని వస్తుంది," అన్నది అప్పటి నుంచి ఆ ఇంట్లో వేదవాక్కు. డెక్ మీద స్నానం, గరాజ్‌లో క్వారంటైన్, ఆ తర్వాతే గృహప్రవేశం.

బేస్‌మెంట్‌లో గది అద్దెకుందని వాట్సాప్‌లో చూసి ఫోన్ చేసిన ధరణికి ఇవేమీ తెలియవు.

ధరణిది జగిత్యాల. పక్క ఊరు కిచెనర్‌లో కాలేజీ, వారాంతాల్లో వేర్‌హౌస్‌లో పని. విమానం దిగిన ప్రతి గుంపులోనూ సగం మంది విద్యార్థులే ఉన్న రోజులవి. ఇళ్ళు దొరకక హాల్లో పరుపులు పరుచుకుని, కిచెన్ పక్కన కర్టెన్లు కట్టుకుని ఉండేవారు. ధరణి ఉన్న ఇల్లూ అలాంటిదే, పైన అబ్బాయిలు, కింద అమ్మాయిలు. ఇరుకును ఎలాగో భరించింది. నల్లుల్ని భరించలేకపోయింది. ఒళ్ళంతా దద్దుర్లు. యజమానికి చెబితే, "మీరే తెచ్చుంటారు," అన్నాడు. ఇంకో ఇల్లు చూడ్డానికి వెళ్ళి, దాచడం ఎందుకని ఉన్నమాట చెప్పింది. ఆ ఇంటావిడ, "అయ్యో పాపం," అంటూనే తలుపు వేసేసింది.

ఆ తలుపు చప్పుడు చెవుల్లోంచి పోలేదు ధరణికి. ఇంకెక్కడా నోరు విప్పకూడదని ఒట్టు పెట్టుకుంది. అందుకే మీనాక్షి గారికి ఫోన్ చేసినప్పుడు అడిగినదానికి మాత్రమే సమాధానం చెప్పింది.

"ఇప్పుడెక్కడుంటున్నావమ్మాయ్?"

ధరణి వీధి పేరు చెప్పింది. అటువైపు ఆవిడ ఆ పేరును ఒకసారి తిరిగి పలికారు.

"శనివారం వచ్చెయ్," అన్నారు మీనాక్షి గారు. "ముందు తలుపు కొట్టకు. సరాసరి గరాజ్ దగ్గరికి రా."

శనివారం గరాజ్ షట్టర్ పైకి లేచేసరికి లోపల కనిపించిన దృశ్యం చూసి ధరణి తప్పు ఇంటికి వచ్చాననుకుంది. మండు వేసవిలో చక్రధర్ గారు పట్టుపంచె, పట్టు ఉత్తరీయంతో మడత కుర్చీలో కూర్చుని లాప్‌టాప్‌లో పని చేసుకుంటున్నారు. హైస్కూల్లో చదివే కూతురు రూప, హాలోవీన్‌కి కొన్న మంత్రగత్తె గౌను వేసుకుని మొహం ముడుచుకుని ఉంది. మీనాక్షి గారు పెళ్ళినాటి కంచిపట్టు చీరకు కొంగు బిగించి చేతిలో సబ్బు నీళ్ళ స్ప్రేతో నిలబడి ఉన్నారు.

"ఏమన్న వ్రతమా అంకుల్?" అంది ధరణి మెల్లగా.

"వ్రతమే తల్లీ. ఉద్యాపన ఎప్పుడో నాకూ తెలీదు," అన్నారు చక్రధర్ గారు. "ఇంట్లో గుడ్డలన్నీ డ్రయ్యర్‌లో ఉండాయి. పట్టుబట్టలకు మటుకు మినహాయింపు."

"దిస్ ఈజ్ సో ఎంబరాసింగ్," అంది రూప.

"మా ఇంటి రూలమ్మాయ్," అన్నారు మీనాక్షి గారు. "లోపలికొచ్చే ప్రతిదీ గరాజ్‌లో ఆగాల్సిందే. మా తులసమ్మకైనా ఇదే రూలు. ఇవాళ వరసలో నీ బట్టలు కూడా పడేస్తాను. సూట్‌కేసు ఈ నల్లసంచిలో పెట్టి ముడెయ్. ఇదిగో, అంతదాకా ఈ డ్రెస్ వేసుకో."

ఆ డ్రెస్‌లో ఇద్దరు ధరణులు పట్టేవారు. పైగా పొట్టి చేతులు. ధరణి చేతుల మీద దద్దుర్ల వరసలు బయటపడ్డాయి. చప్పున చున్నీ కప్పుకుంది.

"దోమలు ఆంటీ," అంది అడక్కుండానే.

"ఊఁ," అన్నారు మీనాక్షి గారు. భూతద్దం మీదికి వెళ్ళిన చెయ్యి వెనక్కి వచ్చింది. "ఈ ఊళ్ళో దోమలెక్కువే. లోపలికి రా, పులుసు చల్లారిపోతోంది."

ఆ పూట కడుపునిండా తిని, శుభ్రమైన పరుపు మీద పడుకుని, ధరణి రెండు విషయాలు నిశ్చయించుకుంది. ఒకటి, ఈవిడకు పిచ్చి. రెండు, ఈ పిచ్చావిడకు నిజం తెలిసిన రోజు తన సూట్‌కేసు వీధిలో ఉంటుంది.

సెప్టెంబరు వచ్చింది. కుండీల స్నానాలు మొదలయ్యాయి. ధరణికి నరకం మొదలైంది.

ఎందుకంటే మీనాక్షి గారి తిట్ల దండకమంతా ఒకే మాట చుట్టూ తిరిగేది. ఒక ఉదయం ధరణి కింద గదిలో టిఫిన్ తింటోంది. డెక్ మీంచి ఒక్క కేక వినపడింది.

"దొరికింది! నల్లి! ఇది ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా నాకు తెలుసు!"

ఇడ్లీ ధరణి గొంతులో అడ్డం పడింది. లేచి మెట్లు ఎక్కింది. అయిపోయింది, అంతా అయిపోయింది, సాయంత్రానికి ఎక్కడికి పోవాలి, అమ్మకేం చెప్పాలి. డెక్ మీదికి వచ్చేసరికి కళ్ళ నిండా నీళ్ళు.

"ఆంటీ, నేను చెప్దామనే అనుకున్న. భయమైంది. కావాలని దాయలే..."

మీనాక్షి గారు మందారం కొమ్మను వంచి, ఆకు అడుగున తెల్లటి దూది ముక్కలాంటి దాన్ని భూతద్దంలోంచి చూస్తున్నారు. తల తిప్పకుండానే, "పిండినల్లి," అన్నారు. "కొన్నచోటి నుంచే తెచ్చుకుంది మహాతల్లి. నువ్వేం దాచావు?"

ధరణి చున్నీతో గబగబా కళ్ళు తుడుచుకుంది.

"పొద్దున... నేనే ఒక మందార పువ్వు కోసిన ఆంటీ."

"కోసుకోవచ్చు. తిరగేసి చూశావా?"

"చూసిన ఆంటీ."

"బంగారుతల్లివి," అన్నారు మీనాక్షి గారు. అసిస్టెంట్‌గా నియామకం అక్కడికక్కడే జరిగిపోయింది.

ఇక ధరణి గుండెకు విశ్రాంతి లేదు. సోమవారం మిరప మొక్క దగ్గర, "ఎర్రనల్లి! గూడు కూడా కట్టింది దొంగముండ!" మంగళవారం నిమ్మ దగ్గర, "మళ్ళీ పిండినల్లి!" ఒకనాడు కాకినాడలో ఉన్న చెల్లెలితో ఫోన్‌లో, "ఒక్క నల్లి వచ్చిందంటే ఇల్లంతా ఖాళీ చెయ్యాల్సిందేనే," అంటుంటే కింద బట్టలు మడతపెడుతున్న ధరణి సూట్‌కేసు సర్దుకోవడం కూడా మొదలుపెట్టింది.

పేరులో నల్లి ఉన్న పురుగులు తెలుగులో ఇన్ని ఎందుకున్నాయో ఆమెకు అర్థం కాలేదు. ఇంగ్లీషులో ఒక్కోదానికి ఒక్కో పేరుంది కదా అని కుళ్ళుకుంది. పేనుబంక దొరికిన రోజు మాత్రం ఆమెకు పండగ.

కుండీని ఎత్తి గోరువెచ్చటి నీళ్ళ బకెట్‌లో ముంచడం, మట్టిలోంచి పైకి తేలిన చీమల్ని, వానపాముల్ని ఏరడం, గిన్నెలు తోమే సబ్బు కలిపిన నీళ్ళు ఆకుల అడుగున పడేలా కొట్టడం, వేపనూనె పూయడం, దోమలు అంటుకునే పసుపుపచ్చ అట్టముక్కలు మట్టిలో గుచ్చడం, అన్నీ నేర్చుకుంది. గరాజ్ నిండా కుండీలే. చక్రధర్ గారి కారు వీధిన పడింది.

"నా కారు రాత్రిళ్ళు చలికి ఒణుకుతాంది," అన్నారాయన.

"కారుకి పురుగు పట్టదు. దానికేం భయం?" అన్నారావిడ.

మెల్లగా ఆ అలవాటు ధరణికీ అంటుకుంది. తన పరుపును ఫోన్ లైటుతో మూలమూలా వెతికేది. ఏమీ కనపడకపోతే భయం ఇంకా పెరిగేది, ఎక్కడో దాక్కుని ఉంటాయని. బస్సులో సీటు తిరగేయబోయి డ్రైవర్ చేత చీవాట్లు తింది. వేర్‌హౌస్‌లో ప్రతి పెట్టెనూ అడుగున చూసి గానీ బెల్టు మీద పెట్టేది కాదు. సూపర్‌వైజర్ ముచ్చటపడి ఆమెను చెకింగ్ సెక్షన్‌కి మార్చాడు.

ఇవన్నీ ఒక ఎత్తు. సాత్విక ఒక ఎత్తు.

సాత్విక ధరణి క్లాస్‌మేట్. ఊరు నర్సంపేట. పాత ఇంట్లో ఇద్దరివీ పక్కపక్క పరుపులు. ఆ పిల్ల ఇంకా అక్కడే ఉంది. క్లాసులో కూర్చుని గోక్కుంటూ, ఎవరైనా చూస్తున్నారేమోనని దిక్కులు చూసేది.

"మీ ఆంటీని అడగరాదే? నీ గదిలనే మూలకు పడుంట," అంది ఒకరోజు.

"అడుగుత," అంది ధరణి.

అడగలేదు. అడిగితే, "ఆ అమ్మాయి ఎక్కడుంటోంది?" అంటారు. ఎందుకు మారుతోందంటారు. చెబితే తన బండారం బయటపడుతుంది. ఇద్దరూ రోడ్డు మీద పడతారు. అడగకపోతే సాత్విక అక్కడే కుళ్ళుతుంది. ఆలోచించీ ఆలోచించీ ధరణికి అన్నం సహించడం మానేసింది. కాలేజీలో సాత్విక ఎదురొస్తే వేరే దారిన పోవడం మొదలుపెట్టింది. అలా తప్పుకున్న ప్రతిసారీ ఆ ఇంటావిడ తలుపు వేసిన చప్పుడే వినపడేది. ఈసారి ఆ తలుపు వేస్తున్నది తనే.

ఆ ఏడాది ఎండలు అక్టోబరులోకి కూడా సాగాయి. మొక్కలన్నీ ఒక్కొక్కటే పరీక్ష పాసై కిటికీల దగ్గర చేరాయి. కరివేపాకు ఒక్కటే మిగిలిపోయింది. మనిషెత్తు చెట్టు. కాండాన్ని పట్టుకున్న పొలుసు పురుగును మీనాక్షి గారు పాత టూత్‌బ్రష్‌తో గీకుతున్నారు, అది మళ్ళీ వస్తోంది. "ఈసారీ ఫెయిలే. ఇంకో వారం బయటుండు," అని చెట్టుకు తీర్పు చెప్పడం ధరణి వింటూ ఉండేది. ఆ మాటలు తనకే చెబుతున్నట్టు ఉండేవి.

ఒక శుక్రవారం వాతావరణం ఉన్నట్టుండి అడ్డం తిరిగింది. చీకటి పడితే గడ్డకట్టే చలి అని ఫోన్లన్నీ హెచ్చరించాయి. మీనాక్షి గారు మధ్యాహ్నమే ఇల్లు చేరారు.

"ఆఫీసులో ఏమని చెప్పిన్రు ఆంటీ?"

"ఇంట్లోవాళ్ళకి సీరియస్‌గా ఉందని చెప్పాను. పద, పట్టు."

వాళ్ళది వరసలో మధ్య టౌన్‌హౌస్, అటూ ఇటూ పక్కిళ్ళతో గోడకు గోడ. వెనక డెక్ మీంచి ముందున్న గరాజ్‌కి పోవాలంటే ఇంట్లోంచి తప్ప దారి లేదు. చిన్న కుండీల్ని సంచుల్లో మూటగట్టి దాటించేవారు. పరీక్ష పాసవని చెట్టును ఇంటి మధ్యలోంచి తీసుకెళ్ళాలి. మీనాక్షి గారి మొహం చూస్తే ఆపరేషన్ థియేటర్ బయట నిలబడ్డ మనిషిలా ఉంది. చెట్టుకు తలనుంచి కుండీ దాకా దుప్పటి చుట్టారు. కుండీ అడుగున రూప పాత స్కేట్‌బోర్డు పెట్టారు. చక్రధర్ గారు ఫోర్ నాట్ వన్ మీద ఇరుక్కుని స్పీకర్‌లో మొత్తుకుంటున్నారు.

"నేనొచ్చేదాకా దాన్ని ముట్టుకోవద్దు మీనాక్షీ! నడుము పట్టుకుంటాది!"

"మీరొచ్చేసరికి చెట్టు పోతుంది," అని ఆవిడ ఫోన్ పెట్టేశారు.

ముసుగేసిన పెళ్ళికూతురిలా కరివేపాకు చెట్టు హాల్లో ప్రయాణం మొదలుపెట్టింది. ముందు మీనాక్షి గారు లాగుతూ, వెనక ధరణి తోస్తూ. ఒక్క ఆకు రాలినా మీనాక్షి గారు, "ఆగు!" అని అరిచి, దాన్ని తీసి, తిరగేసి చూసి, జేబులో వేసుకుంటున్నారు. గరాజ్ తలుపు దగ్గరికి రాగానే స్కేట్‌బోర్డు గడప దగ్గర మొరాయించింది. సరిగ్గా అప్పుడే వీధి తలుపు తెరుచుకుంది.

"మామ్, సమ్‌వన్ ఈజ్ హియర్," అంటూ బడి నుంచి వచ్చిన రూప లోపలికొచ్చింది. దాని వెనక సూట్‌కేసుతో, చలికి ఎర్రబడ్డ ముక్కుతో సాత్విక నిలబడి ఉంది.

ధరణి చెట్టు మీంచి చెయ్యి తీసేసింది.

చెట్టు ఒరగడం చూసి సాత్విక పట్టుకోబోయి ఒక్క అడుగు ముందుకేసింది.

"ఆగక్కడ!" అని కేక పెట్టారు మీనాక్షి గారు. "కదలకు!"

సాత్విక అడుగు తీసి తీయనట్టు నిలబడిపోయింది.

"పోతానాంటీ, పోతా. మీకెట్ల తెలిసిందో గాని, మా ఇంట్ల నల్లులున్నది నిజమే. ధరణి ఏం చెప్పలే. ఇగ ఆ ఇంట్ల ఉండలేక ఒచ్చిన. ధరణిని మాత్రం ఏమనకున్రి, అది ఆ ఇంటి నుంచి ఒచ్చి చాన రోజులాయె..."

అని నాలిక కరుచుకుంది.

ముసుగులోని చెట్టు కూడా చెవులు రిక్కించి వింటున్నట్టే ఉంది.

"దుప్పటి అంచు తొక్కుతున్నావమ్మాయ్, అందుకు ఆగమన్నాను," అన్నారు మీనాక్షి గారు. "ఏడుపు తర్వాత ఏడుద్దువుగాని. ముందు అటు పక్క పట్టుకో. నడుం పోతోంది నాకు."

నలుగురూ కలిసి చెట్టును గరాజ్‌లోకి దింపారు. రూప వీధి తలుపు వేసి వచ్చింది. ధరణి గోడకు ఆనుకుని నిలబడింది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేననుకుంది.

"నేను అబద్ధం చెప్పిన ఆంటీ. అవి దోమలు కావు."

మీనాక్షి గారు దుప్పటి ముడి విప్పుతూ, "దోమలు వరస కట్టి కుడతాయా ఎక్కడైనా?" అన్నారు. "నువ్వు ఫోన్‌లో వీధి పేరు చెప్పినప్పుడే తెలుసు."

"మరి అడగలేదేం ఆంటీ?"

"అడిగితే నువ్వు అబద్ధమైనా చెప్పాలి, ఏడవనైనా ఏడవాలి. వచ్చిన రోజే అవన్నీ ఎందుకు? తినాల్సిన పులుసు ఉంటే."

ఇన్ని వారాలుగా ఇడ్లీ అడ్డం పడిందీ, పరుపు తిరగేసిందీ, సాత్వికను చూసి దారి మార్చుకుందీ అన్నీ ఒక్కసారి గుర్తొచ్చి ధరణికి ఏడవాలో, నవ్వాలో, ఈవిడ్ని పట్టుకుని కొట్టాలో తెలియలేదు.

"మరి రోజూ నల్లి, నల్లి అని అరుస్తుంటిరి! నా పానం పోయింది ఆంటీ!"

మీనాక్షి గారు దుప్పటి వదిలేసి తిరిగి చూశారు. ఆవిడ మొహంలో మొట్టమొదటిసారి నిజమైన కంగారు కనిపించింది.

"అయ్యో రామ! అదా నువ్వు చిక్కిపోతున్నది? వంట నచ్చట్లేదేమో అనుకున్నానే పిచ్చిపిల్లా!"

చక్రధర్ గారు వచ్చేసరికి ఆడవాళ్ళు నలుగురూ గరాజ్‌లో చెట్టు చుట్టూ కూర్చుని ఉన్నారు. ఇద్దరు ఏడుస్తున్నారు, ఒకరు నవ్వుతున్నారు, రూప అందర్నీ ఫోన్‌లో వీడియో తీస్తోంది. ఆయన కొత్త పిల్లను, కొత్త సూట్‌కేసును, భార్య మొహాన్ని చూసి నిట్టూర్చారు.

"పట్టుపంచె ఎక్కడ పెట్టినావు? మన గుడ్డలు గూడా డ్రయ్యర్‌లో వెయ్యాల గదా."

"మీ బట్టలెందుకు అంకుల్?" అంది సాత్విక బెదురుగా. "నల్లులు నా బట్టల్ల కదా ఉన్నయి."

ఆయన భార్య వైపు చూశారు. ఆవిడ టూత్‌బ్రష్ తీసుకుని కరివేపాకు కాండం గీకడంలో మునిగిపోయారు.

"నిరుడు ఒక పిల్ల వచ్చింది అద్దెకు," అన్నారు చక్రధర్ గారు, గొంతు తగ్గించి. "ఆ వీధిలోనే, ఇట్లాంటి ఇంటి నుంచే. మీ ఆంటీ పద్ధతిగా ఆ పిల్ల గుడ్డలొక్కటే డ్రయ్యర్‌లో వేసింది. తప్పేముంది, వెయ్యాల్సిందే గదా. ఆ పిల్ల మటుకు ఇక్కడే కుర్చీలో తల వంచుకోని కూచునింది. అన్నం తినమంటే తినలా. మాట్లాడలా. గుడ్డలు సంచిలో వేసుకోని ఎలబారిపోయింది, ఎంత పిలిచినా తిరిగి చూడలా. అప్పుటి నుంచి ఎవరొచ్చినా ఇంటిల్లిపాదివీ వేస్తాది. మన గుడ్డలకు ఏ రోగమూ లేదు. ఒక్క పిల్లను కూచోబెట్టకూడదని అందరమూ కూచుంటాం. మొన్న మా అక్క వస్తే ఆమెకూ తప్పలా. ఆమె ఇంకా ఫోన్ ఎత్తడంలేదు."

"మీ అక్క సూట్‌కేసులో నిజంగానే బొద్దింక ఉంది," అన్నారు మీనాక్షి గారు తల తిప్పకుండా.

ధరణికి ఆ రోజు గుర్తొచ్చింది. మండు వేసవిలో పట్టుచీర కట్టుకుని చెమటలు కక్కుతున్న మీనాక్షి గారు గుర్తొచ్చారు. ఏం మాట్లాడాలో తెలియక వెళ్ళి, టూత్‌బ్రష్ ఆవిడ చేతిలోంచి తీసుకుని, కాండానికి అవతలి వైపు గీకడం మొదలుపెట్టింది.

"కింద నుంచి పైకి గీకు," అన్నారు మీనాక్షి గారు. ఆవిడ భూతద్దాన్ని ఒకటికి రెండుసార్లు తుడుచుకున్నారు.

కరివేపాకు చెట్టు ఆ చలిని గరాజ్‌లో గడిపేసింది. సాత్విక పట్టుచీరలో భోజనం చేసింది. అంతటితో అయిపోయిందనుకుంటే మీనాక్షి గారిని పైనుంచి చూసినట్టే.

మర్నాడు ఆవిడ కారేసుకుని పాత ఇంటికి వెళ్ళారు. వెంట ఇద్దరమ్మాయిలు. అక్కడున్న ప్రతి పరుపునూ తిరగేసి, భూతద్దంలోంచి ఫోటోలు తీసి, ఇంటి యజమానికి ఫోన్ చేశారు. "మీరే తెచ్చుంటారు," అన్నాడాయన అలవాటుగా. "బాబూ, నేను మాత్రల కంపెనీలో తప్పులు పట్టుకునే మనిషిని. ఫోటోలు ముందు నీకు పంపుతాను, ఆ తర్వాత సిటీ ఆఫీసుకు పంపుతాను. మధ్యలో నీకెంత టైమ్ కావాలో చెప్పు," అన్నారావిడ ఎంతో మర్యాదగా. ఆయనకు అట్టే టైమ్ పట్టలేదు. సోమవారమే మందు కొట్టేవాళ్ళు వస్తారని కబురొచ్చింది.

మందు కొట్టే ముందు, నల్లులు చచ్చేలా అందరి బట్టలూ వేడి డ్రయ్యర్‌లో తిరగాలి. మీనాక్షి గారు ఆ ఇంట్లో అందరికీ ఒకటే మెసేజ్ పెట్టారు. ఆదివారం మా ఇంట్లో భోజనం, బట్టలన్నీ తెచ్చుకోండి, గరాజ్ దగ్గరికి రండి.

ఆదివారం మధ్యాహ్నం ఆ వీధి ఎన్నడూ చూడని తిరునాళ్ళ జరిగింది. వాకిట్లో నల్లసంచుల గుట్ట. చక్రధర్ గారి పంచెలు, లుంగీలు, పాత కంపెనీల టీషర్టులు ఆ సరికే అయిపోయాయి. మీసాలొచ్చిన కుర్రాళ్ళు రూప నైట్ ప్యాంట్లలో, మీనాక్షి గారి శాలువాల్లో ప్లేట్లు పట్టుకుని నవ్వుకుంటూ వరసలో నిలబడ్డారు. ఎవరూ ఎవర్నీ వింతగా చూడలేదు. అందరూ ఒకేలా వింతగా ఉన్నారు. ధరణి, సాత్విక వడ్డిస్తున్నారు. మీనాక్షి గారు ప్రతి బ్యాగునూ తిరగేసి దులుపుతున్నారు. చక్రధర్ గారు పట్టుపంచెలో, దాని మీద చలికోటు తొడుక్కుని గిన్నెలు మోస్తున్నారు.

పక్కింటి పోర్చుగీసు పెద్దాయన కంచె దగ్గరికి వచ్చి కాసేపు ఈ వైభవమంతా చూశాడు.

"ఏమిటిది, పండగా?" అన్నాడు ఇంగ్లీషులో.

చక్రధర్ గారు గిన్నె కిందపెట్టి ఆలోచించారు. నల్లుల గురించి చెప్పాలా? చెబితే ఆ పిల్లలు వింటారు.

"చలికాలం వస్తాంది గదా సార్," అన్నారు తన ఇంగ్లీషులో. "మొక్కల్ని లోపలికి చేరుస్తా ఉండాం."

పెద్దాయన శాలువాల వరసను ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. తోట పెంచే మనిషి. తల పంకించాడు.

"మంచి మొక్కలు," అన్నాడు. "నీళ్ళు బాగా పొయ్యాలి వీటికి."

"నీళ్ళతో యాడ సరిపోతాది సార్," అన్నారు చక్రధర్ గారు, గిన్నె మళ్ళీ ఎత్తుకుంటూ. "సాంబారే ఇది మూడో గిన్నె."